నలభై ఒకటో కిలోమీటరు

ఆదివారం మధ్యాహ్నం 12.58కి సర్వేయర్ శవం కనిపించింది.

అడవిలో పాత కలప లారీల బాట. తారు ఎరగని దారి. కంకర, ఎర్రమన్ను, రాలిన ఆకులు. కొండ మలుపు తిరిగాక బాట ఒక్కసారిగా పల్లానికి దిగుతుంది. ఆ పల్లంలో రాతి కల్వర్టు. ఆయన తల దాని గోడకి కొట్టుకుంది. హెల్మెట్ రెండు ముక్కలైంది.

సైకిల్ పది అడుగుల అవతల పడి ఉంది. ముందు చక్రం లేదు. అది ఇంకా కింద, పొదల్లో దొరికింది. చక్రాన్ని ఫోర్కులో పట్టి ఉంచే ఇరుసు మాత్రం పైన, అరవై అడుగుల దూరంలో, బాట నడిమధ్య పడి ఉంది. బెత్తెడు పొడవు. ఒక చివర మరలు, ఇంకో చివర మడిచే పిడి. ఎక్కడా వంగలేదు, విరగలేదు. దానంతట అదే ఊడి వచ్చింది.

హ్యాండిల్ మీది చిన్న కంప్యూటర్ నుజ్జయింది. అయినా పగిలిన అద్దం కింద ఆఖరి అంకెలు నిలిచిపోయాయి. 46.2 కిలోమీటర్లు. టైమ్ 11.20.

ఇన్‌స్పెక్టర్ 2.15కి చేరుకుంది. నలభై ఆరేళ్ళ మనిషి. ఆ స్టేషన్‌కి వచ్చి మూడేళ్ళు. దొంగతనాలూ సరిహద్దు తగాదాలూ చూసి చూసి విసిగిన మనిషి. సైకిల్ తొక్కి పాతికేళ్ళయింది.

చనిపోయినాయన గురించి అక్కడే చెప్పారు. యాభై రెండేళ్ళు. పాతికేళ్ళకి పైగా అడవి హద్దులు కొలిచిన సర్వేయర్. ఆ కొండల్లో వాడకం లేక పూడిపోయిన కలప బాటలు, మంటలు అంటుకోకుండా చెట్లు కొట్టి వదిలిన ఖాళీ దారులు, గొర్రెల కాలిబాటలు, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. నాలుగేళ్ళు కూర్చుని వాటిని ఒకదానికొకటి కలిపాడు. యాభై ఎనిమిది కిలోమీటర్ల చుట్టుదారి తయారైంది. కంకర మీదా మట్టి మీదా పరిగెత్తే లావు టైర్ల సైకిళ్ళు ఉంటాయి, గ్రావెల్ బైకులంటారు. వాటి కోసం వేసిన దారి. ఆ ఆదివారం పొద్దున 6.10కి మొట్టమొదటిసారి దాన్ని చివరిదాకా తొక్కడానికి బయలుదేరారు. ముగ్గురు. సర్వేయర్, ఆయన స్నేహితుడు డెంటిస్టు, సర్వేయర్ కూతురు.

శవాన్ని చూసింది డెంటిస్టే. తను అందరికన్నా ముందు చేరాననీ, అమ్మాయి తన వెనకే వచ్చిందనీ, గంటకి పైగా చూసి చూసి వెనక్కి వెళ్ళాననీ చెప్పాడు. 9.30కి కాపలా టవర్ దగ్గర ముగ్గురూ ఆగారట. ఆ తరవాత సర్వేయర్ని చూడలేదట.

కూతురికి పంతొమ్మిదేళ్ళు. దారి ముగిసే చోట, ఫారెస్టు చెక్‌పోస్టు అరుగు మీద కూర్చుని ఉంది. తల్లి అప్పటికే వచ్చి పక్కన కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ అడిగిన ప్రతిదానికీ తల్లే జవాబు చెప్పింది. అమ్మాయి టవర్ దగ్గర్నుంచి ముందుకొచ్చేసిందనీ, దానికేమీ తెలియదనీ. అమ్మాయి తల ఊపింది. చేతులు రెండూ ఒళ్ళో దాచుకుంది. చొక్కా చేతి మీద తెల్లటి మరకలు ఎండిపోయి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ ఆ మరకలు చూసింది. చెమట ఉప్పు అనుకుంది.

* * *

మధ్యాహ్నం 3.30కి సైకిల్‌ని స్టేషన్ వెనక వరండాలో గోడకి ఆనించారు. అది చూసి చెప్పగల వాడు ఊళ్ళో ఒక్కడే. ముప్పై ఏళ్ళుగా సైకిల్ షాపు నడుపుతున్న మెకానిక్. యాభై ఎనిమిదేళ్ళు. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. కబురు పెడితే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

ఫోర్కు చూశాడు. ఇరుసు మరలు వెలుతురుకి పట్టి చూశాడు. ఊడిన చక్రాన్ని ఎత్తి, టైరుని బొటనవేలితో నొక్కాడు. గాలి కొట్టే వాల్వు దగ్గర వేలు ఆగింది. రెండు నిమిషాలు కదల్లేదు.

తరవాత నేల మీద చతికిలబడ్డాడు.

"నాదే తప్పు మేడమ్" అన్నాడు. "శనివారం సర్వీసు చేసింది నేనే. ఇరుసు బిగించడం మరిచిపోయాను."

సలహా కోసం పిలిస్తే నేరం ఒప్పుకున్నాడు. హెడ్ కానిస్టేబుల్ నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టర్ మాత్రం పెన్ను తీసింది. మెకానిక్ మాటలు ముక్కలు ముక్కలుగా వస్తుంటే తనే అతికించి రాసింది. 'నిర్లక్ష్యం' అన్న మాట ఆయన వాడలేదు. ఆమె వేసింది. చదివి వినిపిస్తే ఆయన తల ఊపాడు. 4.10కి సంతకం పెట్టాడు.

కేసు తేలిపోయింది. ఆ సాయంత్రం ఆమె ఐదింటికల్లా ఇంట్లో ఉంది. ఎన్నో వారాల తరవాత.

మర్నాటికి ఊరంతా పాకింది. మెకానిక్‌ని అరెస్టు చెయ్యలేదు. కోర్టులో కేసు పడేదాకా ఊళ్ళోనే ఉండమన్నారు. శిక్ష పడితే రెండేళ్ళ దాకా జైలు. షాపు షట్టరు మీద ఎవరో నల్లరంగుతో పెద్ద అక్షరాలు రాశారు. 'హంతకుడు.' ఇన్‌స్పెక్టర్ జీపులో అటుగా రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ ఆ అక్షరాలు చూసింది. తుడిపించమని హెడ్డుకి చెబుదామనుకుంది. చెప్పలేదు.

* * *

తొమ్మిదో రోజు. సోమవారం. ఉదయం 11 గంటలు.

సర్వేయర్ భార్య భర్త వస్తువులు తీసుకోవడానికి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ లిస్టు ముందు పెట్టి, సరిచూసుకుని సంతకం చెయ్యమంది. ఆవిడ ఒక్కో వరస మీద వేలు పెట్టి చదివింది. ఫోను. కళ్ళజోడు. నీళ్ళ సీసా. మడతపెట్టిన మ్యాపు. సీటు కింది సంచీలో చేతిపంపు ఒకటి. ట్యూబు ఒకటి, కవరు విప్పనిది.

వేలు అక్కడ ఆగిపోయింది.

ఆవిడ ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. మళ్ళీ మామూలైంది. సంతకం గబగబా గీసేసి, ఫోను, కళ్ళజోడు, మ్యాపు తీసుకుంది. సంచీ మాత్రం వద్దంది. సైకిల్ సామాన్లు ఎవరికైనా ఇచ్చెయ్యమని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్‌కి అది మింగుడు పడలేదు. ఒక కొత్త ట్యూబు. దాన్ని చూసి భయమెందుకు?

ఆ లిస్టు రిపోర్టులో రెండో పేజీ. అడుగున తన సంతకం ఉంది. ఆదివారం నాటిది. సంతకం పెట్టిన సంగతి గుర్తుంది. చదివిన గుర్తు లేదు.

ఆమె మెకానిక్ షాపు నుంచి తెచ్చిన సర్వీసు కార్డు తీసింది. శనివారం సాయంత్రం 6.40. ఆయన చేతిరాత. 'గొలుసు మార్చాను. బ్రేకులు చూశాను. రెండు టైర్లూ ట్యూబ్‌లెస్. సీలెంటు కొత్తది పోశాను.'

హెడ్డుకి ఇంట్లో ఇద్దరు సైకిల్ పిచ్చివాళ్ళున్నారు. ఆయన విడమరిచి చెప్పాడు. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు ఉండదు. లోపల సీలెంటు అని పాలలాంటి తెల్లటి జిగురు ఉంటుంది. చిన్న ముల్లు గుచ్చుకుంటే ఆ జిగురే కన్నం పూడుస్తుంది. చీలిక పెద్దదైతే పూడదు. అప్పుడు చక్రం ఊడదీసి లోపల ట్యూబు వేసుకుని ఇంటికి చేరాలి. అందుకే అందరూ ఒకటి దగ్గర పెట్టుకుంటారు.

ఇన్‌స్పెక్టర్ లేచి వెనక వరండాలోకి నడిచింది. హెడ్డు చేత ముందు చక్రం టైరు విప్పించింది.

లోపల ట్యూబు ఉంది.

శనివారం సాయంత్రం లేని ట్యూబు. ఆదివారం పొద్దున ఎక్కడో దారిలో ఎక్కింది. అది ఎక్కాలంటే చక్రం ఊడాలి. చక్రం ఊడాలంటే ఇరుసు విప్పాలి. విప్పిన ఇరుసు మళ్ళీ బిగించాలి.

మెకానిక్ శనివారం బిగించాడో లేదో అనవసరం. ఆదివారం ఇంకెవరో బిగించారు.

"సర్వేయర్ గారే వేసుకున్నారేమో మేడమ్" అన్నాడు హెడ్డు.

"ఆయన ట్యూబు సంచీలోనే ఉంది. కవరు కూడా విప్పలేదు. మరి లోపల ఉన్నది ఎవరిది?"

ఆమెకి చెక్‌పోస్టు అరుగు మీది అమ్మాయి చొక్కా చెయ్యి గుర్తొచ్చింది. తెల్లటి మరకలు చెమట ఉప్పు కాదు.

* * *

మంగళవారం పొద్దున 8 గంటలకి ఆమె, హెడ్డు జీపులో ఆ దారి పట్టారు. జీపు వెళ్ళగలిగినంత దూరం వెళ్ళింది. ఆ తరవాత నడక. రెండు పక్కలా చెట్లు పైన కలుసుకుని కప్పు వేసినట్టున్నాయి. ప్రతి రెండు కిలోమీటర్లకీ ఒక చెట్టు బెరడు మీద చిన్న పసుపు చుక్క. సర్వేయర్ పెట్టిన గుర్తులు. కష్టమైన చోట రెండు చుక్కలు. ప్రమాదమైన చోట మూడు. ఎక్కడా చెట్టుకి మేకు కొట్టలేదు.

హెడ్డు ఆయాసపడుతూ, ఈ దారిలో సైకిల్ మనిషిని మొయ్యదనీ మనిషే సైకిల్ని మొయ్యాలనీ అన్నాడు. ఆమె నవ్వలేదు. పనిలో ప్రేమ ఎలా ఉంటుందో ఆ పసుపు చుక్కల్లో కనిపిస్తోంది. ఆ మనిషి చావుని తను నలభై నిమిషాల్లో తేల్చి పారేసింది.

నలభై ఒకటో కిలోమీటరు దగ్గర దారి కాస్త వెడల్పు. కూర్చోడానికి వీలైన చదును రాయి. రాయి మీద, పక్క ఆకుల మీద తెల్లటి చుక్కలు. గోకితే రబ్బరులా లేచాయి. ఒక ముళ్ళపొదలో చీలిన రాతి ముక్క అంచు కత్తిలా ఉంది.

ఇక్కడ టైరు చీలింది. ఇక్కడే చక్రం విప్పారు. ఇక్కణ్ణుంచి మూడు కిలోమీటర్లు ఎగువ. ఎగువలో చక్రం మీద పెద్దగా బరువు పడదు. ఆ తరవాత రెండు కిలోమీటర్లకి పైగా పల్లం. బ్రేకు పట్టిన ప్రతిసారీ, రాయి తగిలిన ప్రతిసారీ ఇరుసు ఒక్కో మర వదులైంది. 46.2 దగ్గర ఊడిపోయింది.

నలభై ఆరు కిలోమీటర్ల గతుకుల దారి. శనివారమే వదిలేసిన ఇరుసు అంత దూరం ఎలా నిలుస్తుంది? మొదటి రోజే అడగవలసిన ప్రశ్న. చిన్నపిల్లలు కూడా అడిగే ప్రశ్న.

* * *

అదే రోజు మధ్యాహ్నం 2 గంటలకి డెంటిస్టు క్లినిక్‌కి వెళ్ళింది. కుర్చీలో ఉన్న పేషెంటుని పంపేసి ఆయన తలుపు వేశాడు. రోజూ జనం చేత నోరు తెరిపించే మనిషి. ఆ రోజు ఆయన నోరు తెరిపించడమే కష్టమైంది.

"దారి చివరికి మీరు ఎన్నింటికి చేరారు?"

"11.14."

"అమ్మాయి?"

"నా వెనకే."

"వెనకే అంటే ఎన్ని నిమిషాలు?"

ఆయన నీళ్ళు నమిలాడు. "సరిగ్గా గుర్తులేదండీ."

"ముగ్గురి ఫోన్లూ ఒకే యాప్‌లో కలిపి ఉన్నాయి. ఎవరెక్కడున్నారో మ్యాపు మీద కనబడుతుంది. మా హెడ్డు ఇంట్లో సైకిల్ వాళ్ళు చెబితే నాకు ఇందాకే తెలిసింది. మీ ఫోను చూడనా?"

ఆయన ఫోను బల్ల మీద పెట్టాడు. వెనక్కి తీసుకోలేదు.

మూడు చుక్కలు. నీలం చుక్క డెంటిస్టు, 11.14కి చెక్‌పోస్టు చేరింది. ఎరుపు చుక్క తండ్రి, పచ్చ చుక్క కూతురు. టవర్ దాటాక కూడా ఆ రెండూ జంటగానే కదిలాయి. 10.41కి నలభై ఒకటో కిలోమీటరు దగ్గర ఆగాయి. 10.54కి పచ్చచుక్క ముందుకు కదిలింది. 10.56కి ఎరుపు చుక్క. 11.20కి ఎరుపు చుక్క ఆగిపోయింది. పచ్చచుక్క చెక్‌పోస్టు చేరింది 11.52కి.

"మీకు ఎప్పుడు తెలుసు?"

"ఆ రోజే. శవం చూసి కిందికి దిగుతూ ఫోనులో చుక్కల కదలికలు వెనక్కి తిప్పి చూశాను. ఆవిడకి నేనే చెప్పాను, వాళ్ళమ్మకి." ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. శుక్రవారం తనకీ సర్వేయర్‌కీ పెద్ద గొడవైందని చెప్పాడు. ఆ పల్లం దగ్గర హెచ్చరిక బోర్డు పెట్టేదాకా దారి ఎవరికీ చెప్పొద్దని సర్వేయర్ అన్నాడట. డెంటిస్టు ఆగలేక నెట్‌లో పెట్టేశాడు. ఆ కోపంతో తన వెంట ఉండలేక, ఆదివారం సర్వేయర్ వెనకబడ్డాడు. పక్కనే ఉంటే ఆ చక్రం తను వేసేవాణ్ణి అన్నాడు.

"మెకానిక్ జైలుకి పోతాడని తెలిసీ ఊరుకున్నారు."

"ఊరుకున్నానండీ." ఆయన తల ఎత్తలేదు. "ఆ పిల్ల ముఖం మీరు చూళ్ళేదు. నేను చూశాను."

* * *

సాయంత్రం 4.30. సైకిల్ షాపు షట్టరు సగం దించి ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆ నల్ల అక్షరాల కిందుగా వంగి లోపలికి వెళ్ళింది.

మెకానిక్ స్టూలు మీద కూర్చుని రెంచీలు తుడుస్తున్నాడు. శుభ్రంగా ఉన్నవే మళ్ళీ తుడుస్తున్నాడు.

"టైరులో ట్యూబు ఉంది" అంది ఆమె. "మీరు ఆ రోజే చూశారు. వాల్వు చూసి గుర్తుపట్టారు."

ఆయన రెంచీ కింద పెట్టాడు. ఆ ట్యూబు తనిచ్చిందేనట. ఆ రకం వాల్వు ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. పోయిన నెల అమ్మాయి చేతిలో పెట్టాడు, దారిలో అక్కరకొస్తుందని.

"దానికి పని నేర్పింది నేనే మేడమ్. పన్నెండో ఏట వచ్చింది, బాబాయ్ నాక్కూడా చూపించు అని. చక్రం విప్పడం, ట్యూబు మార్చడం, అన్నీ. దాని సైకిల్ పాత రకం. పిడి మడిస్తే చాలు, పట్టేసుకుంటుంది. వాళ్ళ నాన్నది కొత్త రకం. పిడి చూడ్డానికి అలాగే ఉంటుంది. ముందు మర పూర్తిగా తిప్పాలి, ఏడు చుట్లు. ఆ తరవాతే మడవాలి." ఆయన అరచేతులు చూసుకున్నాడు. "ఆ తేడా నేను చూపించలేదు. చూపిద్దాం, చూపిద్దాం అనుకుంటూనే ఉన్నాను. తప్పు నాదని రాశారుగా. అబద్ధమేం కాదు."

"శనివారం మీరు ఇరుసు బిగించారా లేదా?"

"బిగించాను."

"అయితే అది అబద్ధమే."

"నాకు యాభై ఎనిమిది మేడమ్. రెండేళ్ళు లోపల ఉంటే బయటికి వస్తాను. అది పంతొమ్మిదేళ్ళ పిల్ల. దానికి తెలిస్తే అది ఎన్నేళ్ళు లోపల ఉండాలి?"

ఇన్‌స్పెక్టర్ బయటికి వచ్చి జీపులో కూర్చుంది. పది నిమిషాలు ఇంజను వెయ్యలేదు.

రాత్రికల్లా ఒక దారి తోచింది. అమ్మాయి నేరమేమీ చెయ్యలేదు. అది మామూలు పొరపాటు. చట్టానికి ఆ పిల్లతో పని లేదు. 'ఇరుసు ఎలా వదులైందో తేలలేదు. ప్రమాదం.' ఒక్క వాక్యం. మెకానిక్ బయటపడతాడు. అమ్మాయి పేరు కాగితం మీదికి రాదు. పెద్దవాళ్ళు ముగ్గురూ కొత్త స్టేట్‌మెంట్ల మీద సంతకాలు పెడితే చాలు.

ఎటు చూసినా ఎవరికీ నష్టం లేని వాక్యం. అయినా ఆమెకి నిద్ర పట్టలేదు. మొదటిసారి తన సుఖం కోసం అబద్ధాన్ని నిజమని రాసింది. ఇప్పుడు జాలితో నిజాన్ని తెలియదని రాయబోతోంది.

* * *

బుధవారం సాయంత్రం 4 గంటలు. స్టేషన్ వెనక వరండా. గోడ వారగా సైకిల్. బల్ల మీద మూడు కాగితాలు. ప్లాస్టిక్ కవర్లో ఇరుసు, పక్కన కవరు విప్పని ట్యూబు.

డెంటిస్టు వచ్చాడు. మెకానిక్ వచ్చాడు. 4.08కి సర్వేయర్ భార్య వచ్చింది. ఆవిడ వెనకే, పిలవకుండా, కూతురు.

తల్లి గిరుక్కున తిరిగింది. ఇంటికి పొమ్మని గట్టిగానే చెప్పింది. అమ్మాయి వచ్చి బెంచీ చివర కూర్చుంది. పదకొండు రోజుల్లో మనిషి సగమైంది.

ఇన్‌స్పెక్టర్ మెకానిక్ స్టేట్‌మెంటు నిలవదని మొదలుపెట్టింది. శనివారం వదులుగా వదిలేసిన ఇరుసు నలభై ఆరు కిలోమీటర్లు ఆగదని చెప్పింది. టైరులో ట్యూబు ఉందనీ, సర్వేయర్ ట్యూబు సంచీలోనే ఉందనీ, ఈ రెండిటినీ తను మొదటిరోజు చూడలేదనీ చెప్పింది. చెబుతూ అమ్మాయి వైపు చూడకుండా జాగ్రత్తపడింది.

"కాబట్టి దారిలో చక్రం విప్పారు. ఎవరు విప్పారో..." ఆమె ఒక్క క్షణం ఆగింది. "తేలలేదు. అలాగే రాస్తున్నాను."

తల్లి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. డెంటిస్టు పెన్ను అందుకున్నాడు.

"అడగండి మేడమ్" అంది అమ్మాయి.

ఇన్‌స్పెక్టర్ అప్పుడు ఆమె వైపు తిరిగింది.

"ఏం అడగాలమ్మా?"

"చక్రం ఎవరు బిగించారని. ఒక్కళ్ళూ అడగలేదు. అమ్మ అడగలేదు. అంకుల్ అడగలేదు. బాబాయ్ షాపుకి రోజూ వెళ్ళాను, నన్ను చూసి లోపలినుంచి తలుపు వేసేసుకున్నాడు. షట్టరు మీద ఆ మాట రోజూ చదువుకున్నాను. అది నా గురించి రాసింది. ఎవరైనా అడుగుతారని పదకొండు రోజులు చూశాను."

తల్లి లేచి కూతురి నోటి మీద చెయ్యి పెట్టబోయింది. ఇన్‌స్పెక్టర్ వద్దని సైగ చేసింది. అడగక తప్పదు. అడగకపోతే, ఆ పిల్లని నలభై ఒకటో కిలోమీటరు దగ్గర ఆ రాయి మీదే ఒంటరిగా వదిలేసినట్టు.

"చక్రం ఎవరు బిగించారు?"

"నేను."

అమ్మాయి ఆపకుండా చెప్పింది. టైరు చీలింది. నాన్న తన సంచీ విప్పబోతే, నాది పైనే ఉంది నాన్నా, నేను వేస్తాను అంది. ఆయన సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. తను చక్రం ఎక్కించి, ఇరుసు దూర్చి, రెండు తిప్పులు తిప్పి పిడి మడిచింది. ఓసారి చూసుకో నాన్నా అని కూడా అంది.

"ఆయన చూడలేదు. మా అమ్మాయి వేస్తే మళ్ళీ చూడక్కర్లేదన్నారు. డెంటిస్టు అంకుల్ని పట్టుకో పో, నేను పంపు సర్దుకుని వస్తానన్నారు. నేను వెళ్ళిపోయాను."

తల్లి మళ్ళీ కూర్చుంది. కూతుర్ని తనే చెప్పనివ్వలేదని, తనే నోరు నొక్కేశానని మెకానిక్‌తో అంది. క్షమించమనలేదు. ఆ మాటకి నోరు రాలేదు.

అమ్మాయి లేచి బల్ల దగ్గరికి వచ్చింది. ఇరుసు చూపించి, తీసుకోవచ్చా అని అడిగింది. ఇన్‌స్పెక్టర్ కవరు విప్పి ఇచ్చింది. రూల్సు ఒప్పుకోవు. ఇచ్చింది.

"బాబాయ్. ఎలా బిగించాలో చూపించు."

మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడెందుకు తల్లీ."

"నాకు తెలియాలి."

డెంటిస్టు సైకిల్ ఎత్తి పట్టుకున్నాడు. అమ్మాయి చక్రం ఫోర్కులో పెట్టి ఇరుసు దూర్చింది. మెకానిక్ వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె తిప్పుతుంటే ఆయన లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. రెండు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. చాలాసేపు ఆగింది. ఆయన తన చెయ్యి ఆమె చేతి మీద వేశాడు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఏడు. పిడి మడిచారు. చక్రం గట్టిగా నిలిచింది.

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. పదకొండు రోజుల ఏడుపు. తల్లి దగ్గరికి తీసుకుంటే తల్లి భుజం మీద, మెకానిక్ తల నిమిరితే ఆయన చెయ్యి పట్టుకుని.

ఇన్‌స్పెక్టర్ మూడు కాగితాలూ చింపేసింది. కొత్త కాగితం తీసింది. పై వరసలో మొదట తన సంగతి రాసింది. దర్యాప్తు అధికారి మొదటిరోజు రిపోర్టు రెండో పేజీ చదవలేదనీ, నిర్దోషి తప్పు ఒప్పుకున్నట్టు తనే రాసి సంతకం పెట్టించిందనీ. దాని మీద పైవాళ్ళు ఏం చేస్తారో ఆమెకి తెలుసు. చెయ్యనీ.

టైమ్ 5.20. అమ్మాయి ముఖం కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు నాకు ఏమవుతుంది?"

"ఏమీ కాదు. కేసు లేదు. కోర్టు లేదు."

"అది కాదు. నావల్ల కాదని అందరూ అంటారు ఇక. మీరూ అంటారా?"

ఇన్‌స్పెక్టర్ తల్లి వైపు చూసింది. తల్లి కళ్ళతోనే బతిమాలుతోంది. అనెయ్యమని. ఒక్క మాటే కదా.

"అనను" అంది ఇన్‌స్పెక్టర్. "ఆ ఇరుసు నీ చేతిలోనే వదులైంది. దానివల్లే మీ నాన్న పోయారు. అది నిజం. నువ్వు చేసింది నేరం కాదు. తెలిసి చెయ్యలేదు. నీకెవరూ చూపించలేదు, ఆయన చూసుకోలేదు. అదీ నిజం."

అమ్మాయి కాగితం మీదికి వంగింది.

"రెండూ రాయండి" అంది.

ఇన్‌స్పెక్టర్ రాయడం మొదలుపెట్టింది.